చెప్పు తెగినందున

మా బడికి మతం లేదన్న సంగతిని పై కార్యాలయం వారు పోయిన కార్తీకమాసంలో కనిపెట్టారు. లేదని మాకూ తెలుసు. బడి పెట్టిన ముప్ఫయ్యారేళ్ళుగా తెలుసు. కానీ మాకు తెలిసినదానికి నంబరు లేదు, తేదీ లేదు, కింద సంతకం లేదు. ఇప్పుడు మూడూ ఉన్న కాగితం వచ్చింది. సర్క్యులర్ అన్నారు గనక గుండ్రంగా తిరిగి తిరిగి, చివరికి తుమ్మవాగుపాలెం జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పుకుని బతికే నా నెత్తిన దిగింది.

దాని పుట్టుక ఇది. పక్క మండలంలో మాల వేసుకున్న పిల్లలు కొందరు చెప్పుల్లేకుండా బడికొస్తే, ఒక హెడ్మాస్టరు యూనిఫాం ఏదని బయట నిలబెట్టాడు. ఊరు ధర్నా చేసింది. ఇంకో బడిలో ఇంకో హెడ్మాస్టరు మనకెందుకొచ్చిన గొడవని లోపలికి రానిచ్చాడు. ఇంకో ఊరు ధర్నా చేసింది. రెండు ధర్నాలకూ షామియానా ఒకడే వేశాడు. అతనొక్కడే ఈ వ్యవహారంలో నిజమైన లౌకికవాది. మిగిలిన ఇరుపక్షాలకూ నచ్చే మార్గం వెతికి పైవారు ఇలా రాశారు:

"ప్రభుత్వ పాఠశాల లౌకిక స్థలమై యున్నందున ప్రతి విద్యార్థియు పాదరక్షలతోనే ప్రవేశింపవలెను. మతవిశ్వాసము వలన పాదరక్షలు ధరింపజాలనివారు సదరు విశ్వాసమును ధ్రువీకరించు పత్రమును జతపరచి, అనుబంధమునందలి మూడు గడులలో తమకు వర్తించు గడిని పూరించి, అనుమతి పొందవలెను."

చెప్పుల జత లేనివాడు కాగితాల జత తేవాలన్నమాట. మొదటి గడిలో ఒక మతం, రెండో గడిలో ఒకటి, మూడో గడిలో ఇంకొకటి. నాలుగో గడి లేదు. కాగితం అక్కడితో అయిపోయింది.

చివర్న ఏడో పేరా ఒకటుంది. "గదుల వెలుపల పాదరక్షలు విడుచుట ఆయా గదులకు పూజాస్థల స్వభావమును ఆపాదించును. అట్లు విడిచిన పాదరక్షలను స్వాధీనపరచుకొని, సంచిలో నుంచి, లక్కతో ముద్ర వేయవలెను. అట్లు విడిచినవారిని, వారు ఎవరైనను, గేటు వెలుపలికి పంపవలెను." పాదాల గురించి రాస్తూ 'ఆపాదించును' అన్న మాట వాడినవాడు నా దగ్గరే చదువుకుని ఉంటాడని నాకు చాలాకాలం అనుమానం.

మా హెడ్మాస్టరు మన్నం పేరయ్యగారు పై నుంచి వచ్చిన ఏ కాగితాన్నయినా లేచి నిలబడే చదువుతారు. దీన్నీ నిలబడే చదివి, కూర్చుని, నన్ను పిలిచారు.

"మాస్టారూ, పాదాల సంగతి మీరు చూసుకోండి."

"నేనెందుకు సార్? వ్యాయామం మాస్టారున్నాడు గదా. పిల్లల కాళ్ళన్నీ ఆయన చేతిలోనేగా ఉండేది."

"సీసపద్యానికి పాదాలెన్ని?"

"నాలుగు. కింద గీతం కలిపితే ఎనిమిది."

"ఇన్ని పాదాలు తెలిసినవాళ్ళు ఈ బళ్ళో ఇంకెవరున్నారు చెప్పండి," అని నా పేరు రాసేశారు.

అలా నేను పాద పర్యవేక్షకుణ్ణయ్యాను. ఏడో పేరా అమలుకు అటెండరు ఉండాలి. అటెండరు పోస్టు ఖాళీగా ఉండి పదకొండేళ్ళయింది. అందుకని ఆయా బత్తుల సామ్రాజ్యానికి స్వాధీనాధికారిగా ఉత్తర్వు ఇచ్చారు. మా బడి గంట, చీపురు, గేటు తాళం మొదట్నుంచీ ఆమె చేతిలోవే. ఇప్పుడు ఒక గోనెసంచీ, లక్క ముద్దా, అగ్గిపెట్టె కూడా చేరాయి. సామ్రాజ్యం విస్తరించింది.

"సారూ, ఎవురు ఇడిసినా తీసుకోవచ్చా?" అని అడిగింది ఆమె, ఉత్తర్వు కొంగున కట్టుకుంటూ.

"వారు ఎవరైనను అని రాశారు గదమ్మా."

"అయితే సరే," అంది.

సర్క్యులర్ అమల్లోకి వచ్చిన మూడో సోమవారం ఎనిమిదో తరగతి నాంచారి చెప్పు తెగింది.

నాంచారి ఈ సామ్రాజ్యానికి మనవరాలే. తల్లీతండ్రీ పొగాకు నాట్లకు పక్క తాలూకా పోతే అమ్మమ్మ దగ్గరుండి చదువుకుంటోంది. లెక్కల్లో ఆ పిల్లకు మా బళ్ళో సాటి లేదు. లెక్కల మాస్టారు బోర్డు మీద ఎక్కడన్నా తప్పితే నాంచారి చిన్నగా దగ్గుతుంది. ఆయన తిరిగి చూడకుండానే దిద్దుకుంటాడు. డిసెంబరులో గురుకుల పాఠశాల ప్రవేశపరీక్ష. సీటొస్తే తొమ్మిదో తరగతి నుంచి హాస్టల్లో ఉండి చదువుకోవచ్చు. రాకపోతే తనతో పాటు పొగాకు గ్రేడింగుకు రమ్మని తల్లి ఫోన్లో చెప్పేసింది. పరీక్షకు హాల్‌టికెట్ రావాలంటే నూటికి డెబ్బయ్యయిదు హాజరుండాలి. ఆగస్టులో జ్వరంతో పడుకున్న రోజులు పోను, నాంచారికి ఇంక తొమ్మిది రోజులే వెసులుబాటు ఉంది. పదో రోజు కూడా రాకపోతే హాల్‌టికెట్ రాదు. ఈ లెక్క కూడా ఆ పిల్లే వేసి నాకు చూపించింది.

ఆ సోమవారం గేటు దగ్గర నేనే ఉన్నాను.

"చెప్పులేవమ్మా?"

"వాగు దాటేకాడ తెగింది సార్. ఒకటే తెగింది. రెండోది మా ఇంట్లో ఉంది."

"ఏ దీక్షలో ఉన్నావు?"

"నాకేం దీక్ష సార్, చెప్పు తెగింది."

నేను కాగితం తీసి మూడు గడులూ చూశాను. కాగితం తిరగేసి కూడా చూశాను. వెనక ఖాళీగా ఉంది. పేరయ్యగారిని పిలిచాను. ఆయన కళ్ళజోడు మార్చి చూశారు. గడులు మూడే ఉన్నాయి.

"ఏదో ఒకటి రాసెయ్ తల్లీ," అన్నారాయన గొంతు తగ్గించి. "ఏదైతేనేం. నలభై రోజులేగా."

"అబద్ధం రాయమంటారా సార్?"

ప్రతి సోమవారం అసెంబ్లీలో సత్యమునే పలుకుదునని ఆయనే పిల్లలచేత చెప్పిస్తారు. ఆ రోజు సోమవారం. అసెంబ్లీ అయి పది నిమిషాలు కాలేదు. పేరయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు.

బడి కిట్టులో ప్రభుత్వం ఇచ్చిన షూ ఉందిగా అని ఎవరైనా అడగొచ్చు. అడుగు ముందుకు వేసేముందు అదీ అడుగుదాం. ఉంది. జూన్‌లో పిల్లలందరి పాదాలూ కొలిచి పంపాం. నవంబరులో షూలు వచ్చాయి. షూ కొలత ప్రకారమే ఉంది. నాంచారి పాదమే ప్రభుత్వానికి చెప్పకుండా ఈలోగా పెరిగింది. వేళ్ళు ముడుచుకున్నా మడమ బయటే ఉండిపోయింది. మడమ తిప్పని పట్టుదల అంటే అదే కావాలి.

మర్నాడు నేను మా అమ్మాయివి పాత చెప్పులు సంచిలో పెట్టుకొచ్చాను. ఇచ్చేలోపే మండల విద్యాశాఖాధికారి వెలగా రంగనాయకులుగారి నుంచి పేరయ్యగారికి ఫోన్ వచ్చింది. ఆయనకు విషయం ఎలా తెలిసిందో నాకు తెలియదు. మా స్టాఫ్‌రూముకి గోడలు నాలుగైనా చెవులు ముప్ఫై రెండు.

"ఏమండీ పేరయ్యగారూ, మీ తెలుగాయన పిల్లకి పాదరక్షలు ప్రదానం చేస్తున్నాడంట?"

"చెప్పులిస్తున్నాడండీ."

"అదే. పాదుకాదానం. గురువు స్థానంలో ఉన్నవాడు కార్తీకమాసంలో పాదుకాదానం చేస్తే అది ఏమవుతుందండీ? పుణ్యకార్యం అవుతుంది. ప్రభుత్వ ఆవరణలో పుణ్యం జరగడానికి వీల్లేదు."

ఫోన్ స్పీకర్లో ఉంది. నేను సంచి మూసేశాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను పుణ్యం చెయ్యబోయి పట్టుబడటం అదే మొదలు.

ఇక మిగిలింది సంత. మా ఊరి సంత బుధవారం. సామ్రాజ్యం మంగళవారం సాయంత్రమే చెప్పింది, "రేపు సంతలో ఒక జత కొనుక్కొస్తా సారూ, దీనికింత రాద్ధాంతం ఏంది," అని. బుధవారం పొద్దున్నే రంగనాయకులుగారి దగ్గర్నుంచి ఉత్తర్వు వచ్చింది.

"విషయము ఉన్నతాధికారుల పరిశీలనలో నున్నందున, సదరు విద్యార్థిని పాదముల విషయమున విచారణ ముగియువరకు యథాతథ స్థితి పాటింపవలెను. పాదములు ఏ స్థితిలో నున్నవో ఆ స్థితిలోనే యుండవలెను."

"అంటే?" అంది సామ్రాజ్యం.

"ఇప్పుడు చెప్పులు తొడిగితే సాక్ష్యం పోతుందమ్మా," అన్నారు పేరయ్యగారు. "విచారణకు వచ్చినవాళ్ళు ఏం చూస్తారు?"

"చెప్పుల్లేవని బయట నిలబెట్టింది మీరే, కొంటానంటే వద్దనేది మీరే. ఏం సారూ, ఆ పిల్ల కాళ్ళు మీకేమన్నా తాకట్టు పెట్టామా?"

జవాబు చెప్పే అధికారం హెడ్మాస్టరుకు లేదు. పై అధికారికి నివేదించే అధికారమే ఉంది. అదే నివేదించారు.

నాంచారి గేటు బయటే కూర్చోవడం మొదలుపెట్టింది. గేటు ముందు రోడ్డుకు కంకర పరిచి, తారు సంగతి మరిచిపోయి రెండేళ్ళయింది. ప్రహరీగోడ పక్కన జానెడు నీడ. అక్కడ గోనెపట్టా పరుచుకుని, కిటికీలోంచి వినబడే పాఠం వింటూ లెక్కలు చేసుకునేది. లెక్కల మాస్టారు తప్పితే గోడ అవతల్నుంచి దగ్గు వినిపించేది. కానీ హాజరు యాప్‌లో దగ్గుకు గడి లేదు. యాప్ పదకొండింటికి మూతపడుతుంది. ఆలోగా పిల్ల ముఖం తరగతి గదిలో కనబడకపోతే గైర్హాజరు. రోజులు మూడయ్యాయి, అయిదయ్యాయి. కాలయాపన అన్న మాటలో కాలు కూడా ఉందని నాకు అప్పుడే తట్టింది.

ఆరో రోజు సామ్రాజ్యం పంతం పట్టింది. సర్క్యులర్‌కు కావలసింది పత్రమే కదా అని, సెలవు పెట్టి బయల్దేరింది. గుళ్ళో పూజారిగారి దగ్గరికి పోయింది. ఆయన విని, "చెప్పు తెగితే బడికి రానివ్వరా?" అని మూడుసార్లు అడిగి, ఈ పిల్ల చెప్పులు లేకుండా నడిస్తే దేవుడికి అభ్యంతరం లేదని రాసిచ్చాడు. దర్గాలో ముజావర్ గారు టీ ఇప్పించి, తమకూ అభ్యంతరం లేదని రాసిచ్చాడు. చర్చిలో పాస్టరుగారు, "మేమూ చెప్పులు బయటే విడుస్తామమ్మా," అని తనూ రాసిచ్చాడు. ముగ్గురూ చివరి వాక్యం మాత్రం ఒకరినొకరు అడిగి రాసుకున్నట్టు ఒక్కటే రాశారు: దయచేసి ఈ బిడ్డకు ఒక జత చెప్పులు కొనివ్వగలరు.

ఆ మూడు పత్రాలూ పైకి వెళ్ళాయి. రంగనాయకులుగారు బెంబేలెత్తారు. రెండు కాళ్ళకు మూడు మతాలయ్యాయి. విషయం తన స్థాయిని దాటిందని ఆయన రాస్తే, పైవారు త్రిసభ్య సంఘాన్ని వేశారు. సంఘం వచ్చే తేదీ చూసుకుని నేను నాంచారి నోటుపుస్తకం తెరిచి చూశాను. అది పదో రోజు.

ఆ రోజు పదింటికి కారు వచ్చింది. సంఘాధ్యక్షురాలు ఉప విద్యాశాఖాధికారిణి డాక్టర్ హైమవతిగారు. వాక్యం మొదలుపెడితే దాన్ని ముగించే ముందు రెండుసార్లు చీర సవరించుకుంటారు. న్యాయ సలహాదారు ఆల్‌ఫ్రెడ్ గారు. వాక్యం మొదలే పెట్టరు, ఇంకొకరి వాక్యంలో దూరతారు. మూడోవారు మన రంగనాయకులుగారే. ముగ్గురూ గేటు దగ్గర గోనెపట్టా మీదున్న పిల్లను దాటి లోపలికొచ్చారు.

"ఫ్యానున్న గది ఏదండీ?" అన్నారు హైమవతిగారు.

కంప్యూటరు గది. మా బడిలో ఉన్న ఆరు కంప్యూటర్లకు దుమ్ము పడదు. అందుకని ఆ గది తలుపు మీద 'చెప్పులు బయట విడువుము' అని పదేళ్ళ కిందటే ఎర్రరంగుతో రాయించాం. సర్క్యులర్ వచ్చాక చెరిపెయ్యాలని పేరయ్యగారు పైకి రాశారు. అనుమతి ఇంకా రాలేదు.

ముగ్గురూ ఆ తలుపు దగ్గరికొచ్చారు. లౌకికత్వం అంటే ఏమిటో హైమవతిగారు చెబుతున్నారు.

"ప్రభుత్వానికి ఏ గదీ గుడి కాదు, ఏ గుడీ గది కాదు, ఈ సూక్ష్మాన్ని క్షేత్రస్థాయిలో ఎవరూ గ్రహించడం లేదు," అంటూ కుడికాలి చెప్పు విడిచారు. "గ్రహింపజేయవలసిన బాధ్యత మనది," అంటూ ఎడమకాలిది విడిచారు. ఆల్‌ఫ్రెడ్ గారు "నిస్సందేహంగా" అంటూ బూట్లు విప్పారు. రంగనాయకులుగారు ఎప్పుడు విప్పారో నేను చూడలేదు; ఆయన చెప్పులు మాత్రం గోడవారగా, ముఖం బయటికి పెట్టి, వెళ్ళేటప్పుడు తేలిగ్గా తొడుక్కోవడానికి వీలుగా పొందిగ్గా ఉన్నాయి. నేనూ పేరయ్యగారూ బయటే ఆగిపోయాం.

మూల నుంచి సామ్రాజ్యం వచ్చింది. చేతిలో గోనెసంచి.

లోపల సంఘం పని మొదలైంది.

"పిల్ల పేరును బట్టి తేల్చేద్దాం మేడం," అన్నారు రంగనాయకులుగారు. "నాంచారి. వెంకటేశ్వరస్వామివారి దేవేరి పేరు. మొదటి గడి."

"ఆమెను బీబీ నాంచారి అంటారండీ," అన్నారు ఆల్‌ఫ్రెడ్ గారు. "రెండో గడి."

"భార్యాభర్తల్ని వేరు వేరు గడుల్లో పెడతామా ఏవిటండీ?"

"దేవుళ్ళకు లేని అభ్యంతరం మీకెందుకు?"

"అసలు ఆ పిల్ల ఏమంటోంది?" అన్నారు హైమవతిగారు.

"చెప్పు తెగింది అంటోంది మేడం."

"అది కారణం. మనకు కావలసింది ప్రాతిపదిక. నిర్మతంగా చెప్పులు లేకపోవడమనే స్థితిని సర్క్యులర్ ఊహించలేదు. ఊహించనిదాన్ని మనం గుర్తించలేం. గుర్తించనిదాన్ని లోపలికి రానివ్వలేం. రాసుకోండి."

రాసుకున్నారు. గుర్తింపు లేనందున ప్రవేశార్హత లేదని తీర్మానం. ముగ్గురూ సంతకాలు చేసి, పదీ ముప్ఫై అయిదుకు బయటికొచ్చారు.

తలుపు బయట నేల శుభ్రంగా ఉంది. ఊడ్చి కూడా ఉంది.

"చెప్పులేవి?" అన్నారు హైమవతిగారు.

"స్వాధీనమయినయ్యమ్మా," అంది సామ్రాజ్యం. సంచి మూతికి లక్క ఇంకా ఆరలేదు. "మూడు జతలు. రెండు చెప్పులు, ఒకటి బూట్లు. ఏడో పేరా."

రంగనాయకులుగారికి కోపం వచ్చింది. "ఏయ్, మేమెవరో తెలుసా?"

"తెలుసు సారూ. వారు ఎవరైనను అని మీరే రాయించిపెట్టారు." కొంగు ముడి విప్పి ఉత్తర్వు చూపించింది. "ఇంక గేటు బయటికి దయచెయ్యాల."

ఆల్‌ఫ్రెడ్ గారు ఉత్తర్వు చదివారు. రెండోసారి చదివారు. న్యాయం తెలిసినవాడు గనక ముందుగా ఆయనే నడిచారు. వెనక ఇద్దరూ. గేటు మూసి సామ్రాజ్యం లోపలి వైపు నిలబడింది. గోనెపట్టా మీద లెక్క చేసుకుంటున్న నాంచారి లేచి నిలబడి, ముగ్గురికీ నమస్కారం పెట్టి, వాళ్ళ కాళ్ళ వైపు చూసి పక్కకు జరిగింది.

"కంకర మీద నిలబడమాకండి మేడం, గుచ్చుకుంటది. గోడ దగ్గరికి రండి. పదకొండు దాకా ఇక్కడ నీడుంటది."

హైమవతిగారూ ఆల్‌ఫ్రెడ్ గారూ గోనెపట్టా మీదికి వచ్చారు. జాగా ఇద్దరికే ఉంది. రంగనాయకులుగారు కంకర మీద ఒంటికాలు మార్చి ఒంటికాలు పెడుతూ, తపస్సుకూ నాట్యానికీ మధ్య ఎక్కడో ఉన్నారు.

"గేటు తియ్యమ్మా," అన్నారు ఆల్‌ఫ్రెడ్ గారు, మర్యాదగానే.

పర్యవేక్షకుణ్ణి గనక నేను కాగితం తీశాను. "ఏ దీక్షలో ఉన్నారు సార్?"

"దీక్షేమిటండీ. దుమ్ము పడుతుందని విప్పాం."

"దుమ్ముకు గడి లేదు సార్. మూడే ఉన్నాయి. ఒకటి పూరించి, పత్రం జతపరిస్తే..."

"లౌకిక ప్రభుత్వ అధికారులం, విధి నిర్వహణలో మతం ప్రకటించమంటారా?" అన్నారు హైమవతిగారు. ఈసారి చీర సవరించుకోలేదు.

"అయితే గుర్తింపు లేనందున ప్రవేశార్హత లేదండీ," అన్నాను. "ఇప్పుడే మీరు సంతకం చేశారు."

తరగతి గదిలోంచి లెక్కల మాస్టారి గొంతు వినిపిస్తోంది. నాంచారి దగ్గింది. లోపల డస్టరు చప్పుడైంది. నేను గడియారం చూశాను. పదీ నలభై ఆరు.

"సవరణ చెయ్యవచ్చు మేడం," అన్నారు ఆల్‌ఫ్రెడ్ గారు. "సంఘానికి ఆ అధికారం ఉంది. నాలుగో గడి చేరుద్దాం. ఇతరములు."

"కాగితం?"

నాంచారి నోటుపుస్తకంలోంచి మధ్య పేజీ చించి ఇచ్చింది. స్కేలు పెట్టి గడి కూడా తనే గీసింది, సరిగ్గా మిగిలిన మూడింటి కొలతలోనే. హైమవతిగారు ప్రహరీగోడ మీద పెట్టి రాశారు. "ఇతరములు. కారణము పేర్కొనవలెను."

"ఎవరు మొదట పూరిస్తారు?" అన్నారు రంగనాయకులుగారు, కాలు మారుస్తూ.

ఎవరూ ముందుకు రాలేదు. కొత్త గడిలో మొదటి పేరు తనది కావడం ఏ అధికారికీ ఇష్టముండదు. రేపు ఏ విచారణైనా వస్తే మొదటి పేరునే పిలుస్తారు. "పూర్వోదాహరణ ఒకటుండాలి," అన్నారు ఆల్‌ఫ్రెడ్ గారు. ముగ్గురి కళ్ళూ ఒకేసారి నాంచారి మీద పడ్డాయి.

పదీ యాభై రెండుకు నాంచారి రాసింది. పేరు, తరగతి. నాలుగో గడిలో: చెప్పు తెగినందున. ముగ్గురూ సంతకం చేశారు. నేను ముద్ర వేశాను. సామ్రాజ్యం గేటు తీసింది. ఆ పిల్ల కంకర మీద అలవాటైన కాళ్ళతో నాలుగంగల్లో లోపలికి దూకి పరుగెత్తింది. యాప్ మూతపడటానికి నాలుగు నిమిషాల ముందు, తరగతి గదిలో ఆమె ముఖం కనబడిందని ఫోను ఒప్పుకుంది. గేటు మళ్ళీ మూసుకుంది.

"ఇక మనవి," అన్నారు హైమవతిగారు. "చెప్పులు స్వాధీనమైనందున, అని రాద్దామా?"

"అది కొత్త కారణం అవుతుంది మేడం," అన్నారు ఆల్‌ఫ్రెడ్ గారు. "కొత్త కారణానికి కొత్త పూర్వోదాహరణ కావాలి. ఉన్నదాన్ని అనుసరిస్తే అక్షరం మారకూడదు."

అక్షరం మారలేదు. ముగ్గురు అధికారులూ నాలుగో గడిలో, చెప్పు తెగినందున అని రాసి లోపలికి వచ్చారు. టీ తాగారు. వెళ్ళేటప్పుడు సంచి అడిగారు.

సామ్రాజ్యం వాళ్ళ కాగితాలు నాచేత చదివించుకుంది. "చెప్పులు తెగినయ్యని రాశారు గదా. ఈ సంచిలోయి ఒక్కటీ తెగలా సారూ. తెగనియ్యి తెగినోళ్ళకిస్తే రేపు ఎవురన్నా వొచ్చి నా చెప్పులేవని అడిగితే నేనేం చెప్పాల?"

కారు దాకా వాళ్ళు గోడవారగానే నడిచారు.

తరవాత సంగతులు తొందరగా జరిగాయి. హాల్‌టికెట్ వచ్చింది. యథాతథ స్థితి రద్దయింది. బుధవారం సంతలో సామ్రాజ్యం నీలంరంగు చెప్పులు కొంది, ఈసారి ఒక వేలు పెద్దవి, పాదం మళ్ళీ పెరిగినా ఇబ్బంది లేకుండా. నాంచారి పరీక్ష రాసింది. గురుకులంలో సీటొచ్చింది. పిల్ల వెళ్ళిపోయాక లెక్కల మాస్టారు బోర్డు మీద ఒక్కో అంకె వేసి, ఆగి, వెనక్కి చూస్తున్నారు.

మార్చిలో వార్షిక గణాంకాలు పంపాం. అందులో మతాల వారీగా పట్టిక ఉంటుంది. అనుబంధంలోని గడులు నాలుగు గనక పట్టికలో వరసలూ నాలుగయ్యాయి. నాలుగో వరసలో, మతం అన్నచోట, మా గుమస్తా రికార్డులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాడు: చెప్పు తెగినందున. అనుయాయులు: నలుగురు.

జూన్‌లో జవాబు వచ్చింది. పేరయ్యగారు లేచి నిలబడి చదివారు.

"మీ మండలమున కొత్తగా నమోదైన 'చెప్పు తెగినందున' మతస్థులు సంఖ్యాపరముగా అత్యల్పులై యున్నందున, వారి విశ్వాసములను గౌరవించుట లౌకిక ప్రభుత్వ కర్తవ్యము. కావున సదరు మతస్థుల ముఖ్యమైన పండుగ ఏ దినమున వచ్చునో తెలియజేసినచో ఐచ్ఛిక సెలవు మంజూరు చేయబడును. సమాధానము మూడు దినములలో పంపవలెను."

పేరయ్యగారు నా వంక చూశారు. నేను వరండాలో ఊడుస్తున్న సామ్రాజ్యాన్ని పిలిచాను. వాళ్ళ ఇంట్లోనే కదా మతం పుట్టింది.

"చెప్పు తెగితే మీకు పండగ ఎప్పుడమ్మా?"

ఆమె చీపురు ఆపి ఆలోచించింది. "పండగేంది సారూ. చెప్పు తెగితే సంతకి పోవటమే. మా సంత బుధవారం."

పేరయ్యగారు అదే రాసి పంపారు.

ఐచ్ఛిక సెలవు మంజూరైన మొదటి బుధవారం మా మండలంలో దాన్ని వాడుకున్నవారు ముగ్గురు. ముగ్గురూ అధికారులే. ఉప విద్యాశాఖ కార్యాలయం తలుపు మీద ఆ రోజు 'మతపరమైన సెలవులో ఉన్నారు' అని కాగితం అంటించి ఉందని పనిమీద వెళ్ళినవాళ్ళు చెప్పారు.

నాలుగో భక్తురాలు ఆ సెలవు పెట్టుకోలేదు. గురుకులంలో ఆ రోజు లెక్కల పరీక్ష ఉంది. నీలం చెప్పులు తొడుక్కుని వెళ్ళింది.